పలుగురాయికి పట్టిన తుప్పు మరక

ప్రశ్న: సైదాపురం దగ్గర పాత అభ్రకం గని గుట్టలో ఆరు పలకల రాయి దొరికింది. పక్కనే నల్లటి పుల్లలాంటిది అతుక్కుని ఉంది. గోధుమరంగు మరక వదలడం లేదు. యాసిడ్‌లో వేయొచ్చా?

జవాబు: తొందరపడకండి. ముందు అది పలుగురాయేనా చూడండి. పక్క ముఖాలపై గోరు ఆడిస్తే అడ్డంగా సన్నని గీతలు తగలాలి, కొస మొనదేలి ఉండాలి, గాజును గీయాలి. నెత్తి బల్లపరుపుగా ఉంటే బెరిల్ కావచ్చు. నల్లపుల్ల మీద గీతలు నిలువుగా ఉంటే టూర్మలిన్. గూడూరు అభ్రకపు నేలల్లో ఇవి పలుగురాయికి తోడుగా దొరికేవే.

మరక ఇనుప తుప్పుదే అయ్యుంటుంది. రెండు రోజులు నీళ్లలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. లొంగకపోతే ఆక్సాలిక్ యాసిడ్ పొడి కలిపిన నీళ్లలో కొన్నాళ్లు ఉంచండి. అది విషం. ప్లాస్టిక్ బకెట్, చేతి తొడుగులు తప్పనిసరి. వంటింట్లో వద్దు, వేడి చేయవద్దు. తర్వాత నీళ్లు మారుస్తూ బాగా కడగండి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఎవరు చెప్పినా ముట్టుకోకండి, ప్రాణం మీదికి వస్తుంది.

ఆ నల్లపుల్లను మాత్రం దయచేసి ఊడదీయకండి. రెండూ కలిసి పెరిగిన రాయి కాబట్టే అది నమూనా. విడదీస్తే రెండు ముక్కలు మిగులుతాయి, అంతే.

మళ్లీ వెళ్తే గని వారి అనుమతి తీసుకోండి, పాడుబడ్డ గోతుల్లోకి దిగకండి. దొరికిన చోటు, తేదీ ఈ రోజే చీటీ మీద రాసి రాయితోపాటు పెట్టండి.