సందేహాలు - సమాధానాలు: మెడికల్-సర్జికల్ నర్సింగ్

ప్రశ్న: మెడికల్-సర్జికల్ పుస్తకం తెరవాలంటేనే భయమేస్తోంది మేడమ్. ఒక్కో జబ్బుకు లక్షణాలు, కేర్ బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి అన్నీ కలగాపులగం. ఎలా చదవాలి?
- బీఎస్సీ నర్సింగ్ విద్యార్థిని, కర్నూలు

జవాబు: జాబితాలు బట్టీ పడితే ఎవరికైనా అంతేనమ్మా. ముందు ఒంట్లో ఏది చెడిందో పట్టుకోండి. హార్ట్ ఫెయిల్యూర్‌నే తీసుకోండి. గుండె ఎడమ భాగం రక్తాన్ని సరిగా నెట్టలేకపోతే అది ఊపిరితిత్తుల వైపు నిలిచిపోతుంది. అందుకే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఇంకా ఎక్కువ. కుడి భాగం బలహీనపడితే రక్తం ఒంటివైపు నిలుస్తుంది. అందుకే కాళ్ల వాపు, మెడ సిరలు ఉబ్బడం. ఇది తెలిస్తే తలవైపు ఎందుకు ఎత్తి పెడతామో, రోజూ ఒకే వేళకు బరువెందుకు చూస్తామో ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు రోజుల్లో కిలో పెరిగితే అది తిండి వల్ల కాదు, దాదాపు లీటరు నీరు నిలిచిందన్నమాట.

ప్రశ్న: పొట్ట ఆపరేషన్ అయిన పేషెంట్‌కు బీపీ 116/78 ఉంది. అయినా సిస్టర్ కంగారుగా డ్యూటీ డాక్టరును పిలిచారు. బీపీ బాగానే ఉంది కదా?
- జీఎన్ఎం విద్యార్థిని, వరంగల్

జవాబు: ఆ సిస్టర్ చూసింది బీపీ ఒక్కటే అయి ఉండదు. లోపల రక్తం పోతున్నప్పుడు గుండె వేగం పెంచి, రక్తనాళాలను బిగించి ఒళ్లు కొంతసేపు బీపీని నిలబెట్టుకొస్తుంది. అది పడిపోయేసరికి చాలా ఆలస్యమైపోతుంది. కాబట్టి చార్టులో వెనక్కి చూడండి. పల్స్ 84 నుంచి 104, అక్కడి నుంచి 122కు ఎక్కిందా? చేతులు చల్లబడ్డాయా? మనిషి అసహనంగా కదులుతున్నారా? మూత్రం గంటకు కిలో బరువుకు కనీసం 0.5 మి.లీ. రావాలి, అంటే 60 కిలోల మనిషికి 30 మి.లీ. తగ్గితే ముందు క్యాథెటర్ మడతపడిందేమో చూడండి. డ్రెస్సింగ్ పైకి పొడిగా కనిపించినా నడుము కింద చెయ్యి పెట్టి చూడాలి. రక్తం పక్కనుంచి జారి దుప్పటి కింద చేరుతుంది. ఇంకో మాట: బీటా బ్లాకర్ మాత్రలు వాడే వారిలో పల్స్ అంతగా పెరగకపోవచ్చు.

ప్రశ్న: ఐసీడీ (ఛాతీ డ్రెయిన్) బాటిల్ ట్యూబ్‌లో నీటిమట్టం ఊపిరితో పాటు కదలడం ఆగితే ఏమనుకోవాలని వైవాలో అడిగారు. ఊపిరితిత్తి విప్పారిందని చెప్పాను. మార్కులు సగమే వేశారు.
- బీఎస్సీ నర్సింగ్ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చెప్పింది సగం జవాబే మరి. ట్యూబ్ మడతపడినా, గడ్డ అడ్డుపడినా కదలిక ఆగుతుంది. సక్షన్ పెట్టి ఉన్నా కనిపించదు. ఛాతీ దగ్గర మొదలుపెట్టి బాటిల్ దాకా ట్యూబ్‌ను చేత్తో తడుముతూ రండి. పేషెంట్ దాని మీదే పడుకుని ఉండటం మామూలే. తర్వాత స్టెతస్కోపుతో రెండు వైపులా ఊపిరి శబ్దం పోల్చండి. విప్పారిందని తేల్చేది ఎక్స్‌రే. బుడగలు ఆగకుండా వస్తుంటే గాలి ఎక్కడో లీకవుతోందని అర్థం. బాటిల్ ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి. పగిలితే ట్యూబ్ కొసను వెంటనే స్టెరైల్ నీటిలో ముంచండి.

ప్రశ్న: డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌లో షుగర్ 400 దాటినా, ఇన్సులిన్ డ్రిప్‌కు ముందు పొటాషియం రిపోర్టు కోసం ఎందుకు ఆగుతారు?
- బీఎస్సీ నర్సింగ్ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఇన్సులిన్ గ్లూకోజుతో పాటు పొటాషియాన్నీ కణాల్లోకి లాగేస్తుంది. ఈ పేషెంట్లకు అది అప్పటికే మూత్రంలో బాగా పోయి ఉంటుంది. రక్తం ఆమ్లంగా ఉండటం, ఇన్సులిన్ లేకపోవడం వల్ల కణాల్లోది బయటికొచ్చి రిపోర్టులో అంకె మామూలుగానే కనిపించవచ్చు. నిజంగానే తక్కువుంటే డాక్టరు ముందు దాన్ని సరిచేస్తారు. లేకపోతే గుండె లయ తప్పుతుంది. ఈలోగా సెలైన్ ఆగదు. పొటాషియం ఎక్కించే ముందు మూత్రం వస్తోందో లేదో చూసుకోండి. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ను సిరంజితో నేరుగా సిరలోకి ఎప్పుడూ ఇవ్వకూడదు. గుండె ఆగిపోతుంది. డాక్టరు రాసిన మోతాదును ఫ్లూయిడ్‌లో బాగా కలిపి, రాసిన వేగంతోనే పంపు మీద నెమ్మదిగా ఎక్కించాలి. వైవాలో ఈ జవాబు తప్పితే మార్కులు పోతాయి, వార్డులో తప్పితే మనిషే పోతాడు.