పగటి తరగతిలో రాత్రి ఆకాశము

ఖగోళశాస్త్ర బోధనలో ఒక చిక్కు కలదు. పాఠశాల పగలు నడచును. నక్షత్రములు రాత్రి కనబడును. ఈ చిక్కును భూభ్రమణమే తీర్చగలదని బ్రిటన్ దేశపు పాఠశాలల కొరకు నెలకొల్పబడిన ఫోక్స్ దూరదర్శినులు నిరూపించినవి.

హవాయి దీవులలోని హాలెయాకలా పర్వతముపై 2 మీటర్ల దర్పణము గల దూరదర్శిని యొకటి కలదు. గ్రీనిచ్ కాలము ప్రకారము ఉదయము 10 గంటలైనపుడు అచట అర్ధరాత్రి. కావున బ్రిటన్ విద్యార్థులు తరగతిగదిలో కూర్చుండియే, కంప్యూటరు ద్వారా దానిని కోరిన దిక్కునకు త్రిప్పగలిగిరి. దీని జోడు ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ నుండి దక్షిణాకాశమును చూపును. 2005లో ఈ రెండును లాస్ కుంబ్రెస్ వేధశాలలో చేరినవి.

అయితే మీట నొక్కుటయే చదువు కాదు. అందమైన చిత్రములు పుస్తకములందును దొరకును. దేనిని చూడవలెను, ఆ వేళ అది దిగంతముపై నుండునా, ఎంతసేపు దాని వెలుగును గ్రహింపవలెను అని విద్యార్థియే నిర్ణయించినపుడు పాఠము మొదలగును. కొంత వ్యవధితో ఒకే చోటును రెండుమార్లు చిత్రించి పోల్చినచో, నక్షత్రములు ఉన్నచోటనే యుండును; గ్రహశకలమైన చుక్క మాత్రము జరిగియుండును. ఆ జరిగిన దూరమును కొలిచిన విద్యార్థి శాస్త్రజ్ఞుని పనియే చేసినట్లు.

హైదరాబాదులో మధ్యాహ్నము 12 గంటలైనపుడు హవాయిలో ముందురోజు రాత్రి 8.30 గంటలు. అనగా మన తరగతులకును గడియారము అడ్డు కాదు. కావున విద్యార్థులకును, కళాశాల పెద్దలకును మేము విన్నవించునది ఒక్కటే: యంత్రమును కోరుటకు ముందు, దానిని అడుగవలసిన ప్రశ్నను సిద్ధపరచుకొందము.