ఒక్క నిమిషమేగా చెల్లీ

నిన్న ఫోన్‌లో "అక్కా, సోమవారం జామ్ ఉంది, కాలేజీకి వెళ్లను" అని ఏడ్చావు చూడు, రాత్రంతా అదే మనసులో మెదిలింది. జామ్ అంటే జస్ట్ ఎ మినిట్, ఒక్క నిమిషం మాట్లాడమంటే ఇంత బెంగా తల్లీ!

ఇన్నేళ్లుగా ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లలకు ఇంగ్లీషు ల్యాబ్ చెబుతున్నాను కదా. జేఎన్‌టీయూ సిలబస్‌లో అది రెండు భాగాలు. కంప్యూటర్ గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉచ్చారణ నేర్చుకుంటున్నంతసేపూ అందరూ హాయిగానే ఉంటారు. జామ్, రోల్‌ప్లే, చర్చ జరిగే రెండో గదికి రాగానే తెలుగు మీడియం పిల్లలు వెనక వరసలు వెతుక్కుంటారు.

కిందటేడు ఒకమ్మాయి ఇంటర్నెట్ లాభనష్టాల మీద రెండు వాక్యాలు అప్పజెప్పి ఆగిపోయింది. బట్టీ పట్టిందమ్మా, మూడో వాక్యం గుర్తుకు రాకపోయేసరికి మిగతాదంతా మర్చిపోయింది. పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఇంట్లో ఏం పండిస్తారని అడిగాను. మిర్చి అంది. ఇక ఆపితే ఒట్టు! కల్లంలో కాయలు ఆరబెట్టడం, తాలు ఏరడం, అర్ధరాత్రి మబ్బు పడితే పట్టాలు కప్పడానికి ఇంటిల్లిపాదీ పరుగెత్తడం, అన్నీ తెలుగులోనే చెప్పింది. మరుసటి వారం అదే ఇంగ్లీషులో. చేతిలో చిన్న కార్డు, దానిమీద నాలుగే మాటలు: కోత, కల్లం, తాలు, యార్డు. వ్యాకరణం తప్పులు దొర్లాయి, నేను మధ్యలో ఆపలేదు. చివర్లో ఒకబ్బాయి, వానకు తడిస్తే కాయ ఏమవుతుందని అడిగాడు. కార్డు వంక చూడకుండానే జవాబు చెప్పింది, గొంతు కూడా వణకలేదు.

మాట్లాడటమూ నేర్పితే వచ్చేదే చెల్లీ. అమెరికాలో 1914లోనే 17 మంది ఉపాధ్యాయులు ఇంగ్లీషు టీచర్ల సంఘం నుంచి విడిపోయి, ప్రసంగ బోధన కోసం సొంత సంఘం పెట్టుకున్నారు. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఏ డిగ్రీ చదివేవాళ్లయినా పబ్లిక్ స్పీకింగ్ కోర్సు చెయ్యాలి. చిన్న ప్రసంగంతో మొదలుపెట్టి, సమాచారం చెప్పడం, ఒప్పించడం అంటూ ఒక్కొక్కటే పెద్దది చేస్తూ ఒక్క సెమిస్టర్‌లోనే పలుమార్లు మాట్లాడిస్తారు. మన దగ్గరేమో బ్యాచ్‌లో ముప్పై మంది, ఒక్కొక్కరికి వంతు ఎప్పుడో గానీ రాదు. నా బాధల్లా అదే. భయం పోవాలంటే పదిసార్లు నిలబడాలి కదా!

అందుకే ఆదివారం దాకా రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చెయ్యి. నీకు బాగా తెలిసిన విషయం ఒకటి ఎంచుకో, టైమ్ నేను చూస్తాను. అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకో. తనకు ఇంగ్లీషు రాకపోతేనేం, నీ మొహం చూస్తూ వింటుంది కదా.