బీజగణితమునకు పూర్వాభ్యాసము: ఇంటిలో అభ్యాసపుస్తకము

ప్రతి సంవత్సరము బడి తెరచిన కొలది వారములకే మన పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులలో కొందరు ఒకే ప్రశ్న నడుగుదురు: "అయ్యవారూ, అయిదవ తరగతివరకు మావానికి లెక్కలలో తిరుగులేకుండెను. ఇప్పుడు అంకెల నడుమ అక్షరములు వచ్చినవి. వాడు పుస్తకము మూసివేయుచున్నాడు. ఇంటిలో చేయించుటకు ఏ పుస్తకము కొనవలయును?"

ఈ ప్రశ్నకు నేను చాలకాలము ఒక పుస్తకము పేరు చెప్పి పంపుచుంటిని. అది చాలదని ఒక బాలుడు నాకు నేర్పెను. నేను చెప్పిన లావుపాటి పుస్తకమును వాడు వేసవి సెలవులలో మొదటినుండి తుదివరకు పూర్తిచేసెను. జవాబులలో తప్పులు మిక్కిలి తక్కువ. సంతోషించి, "ఈ సమీకరణములో అక్షర మనగా నేమి?" అని అడిగితిని. వాడు తడుముకొనక, "అవతలికి పోవునది. పోయినపుడు గుర్తు మారును" అనెను. అది యొక సంఖ్య యనుమాట వాని మనసునకు తోచనేలేదు. ఆ మరుసటియేట లెక్కలు కొంచెము వంకర తిరుగగానే వాడు చతికిలబడెను. ఆ తప్పు వానిది కాదు. వాడెచ్చట నిలిచియున్నాడో చూడక పుస్తకము చేతికిచ్చిన నాది.

కావున పుస్తకము కొనుటకు ముందు చేయవలసిన పని యొకటి గలదు. దానినుండియే మొదలిడుదము.

1. ముందుగా నాలుగు ప్రశ్నలు

ఒక సాయంకాలము బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పరీక్షవలె గాక మాటలనడుమ, ఈ నాలుగింటిని అడుగుడు. ఈ వ్యాసమున తెలియని సంఖ్యను 'య' యని వ్రాయుచున్నాను; బడిపుస్తకములో దానికి బదులు ఇంగ్లీషు అక్షరమైన ఎక్స్ ఉండును.

మొదటిది: 8 + 4 = □ + 5. గడిలో ఏ సంఖ్య యుండవలయును? సరియైన జవాబు 7. అనేకులు 12 అందురు. కొందరు అన్నిటిని కూడి 17 అందురు. 1999లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో ఈ ప్రశ్న నడిగిన 145 మంది ఆరవతరగతి పిల్లలలో ఒక్కరైనను 7 అని చెప్పలేదు. సమానపు గుర్తును వారు "ఇక జవాబు వ్రాయుము" అను ఆజ్ఞగా తలచిరి. అది త్రాసులోని ముల్లు వంటిదని, రెండు తట్టలును సరితూగవలయునని తెలియని బిడ్డకు సమీకరణ మెట్లు బోధపడును?

రెండవది: అరలో మూడవవంతు కలిపిన ఎంత? జవాబు ఆరింట అయిదు వంతులు. పైవానిని పైవానితోను, క్రిందివానిని క్రిందివానితోను కూడి "అయిదింట రెండు" అని చెప్పినచో కోపింపవలదు. "అయిదింట రెండు అరకంటె తక్కువ గదా! అరకు కొంత చేర్చినచో అర తగ్గునా?" అని మాత్ర మడుగుడు.

మూడవది: 3 నుండి 8 తీసివేయుము. "తీయలేము" అనినను, "5" అనినను ఋణసంఖ్య ఇంకను మనసున కెక్కలేదని గ్రహింపవలయును.

నాలుగవది: ఒక కొబ్బరికాయ వెల య రూపాయలు. ఆరుకాయలు కొని 200 రూపాయల నోటు నిచ్చితిమి. చిల్లర యెంత రావలయును? జవాబు 200 − 6య. "కాయ వెల చెప్పనిదే జవాబెట్లు వచ్చును?" అని బిడ్డ అడిగినచో అది మంచి ప్రశ్నయే. ఇంకను తెలియని సంఖ్యతోగూడ లెక్క నడుపవచ్చుననుటయే బీజగణితము.

రెండవ ప్రశ్నలో తడబడిన బిడ్డకు బీజగణితపు పుస్తకము ఇప్పుడు వలదు. భిన్నముల పుస్తకము కావలయును. అది అయిదవ తరగతిదైనను సిగ్గుపడ నక్కరలేదు. పునాది కొరకు క్రిందికి దిగినవానిని ఎవరును వెనుకబడినవా డనరు.

2. పుస్తకమును ఎంచుట

అంగడిలో పుస్తకపు అట్టను, బరువును చూచి మోసపోవలదు. లోపల ఈ గుణములను వెదకుడు.

మొదట ఋణసంఖ్యల అధ్యాయమును తెరువుడు. "ఋణమును ఋణముతో హెచ్చించిన ధనము" అని సూత్రము చెప్పి వెంటనే యాభై లెక్క లిచ్చినచో పుస్తకమును క్రింద పెట్టుడు. సంఖ్యారేఖనైనను, అప్పు-ఆదాయముల ఉదాహరణమునైనను చూపి, కారణము చెప్పి, ఆ తరువాత లెక్కల నిచ్చునది మంచిది.

పిమ్మట అక్షరములు మొదటిసారి వచ్చు పుటను చూడుడు. "అ అనగా అరటిపండు, మ అనగా మామిడిపండు, 3అ + 2మ అనగా మూడరటిపండ్లు, రెండు మామిడిపండ్లు" అను తీరున బోధించు పుస్తకము నేర్పునది తప్పు. అక్షరము వస్తువునకు పేరు కాదు, సంఖ్యకు గుర్తు. అ యనగా అరటిపండు వెల కావచ్చును, పండ్ల లెక్క కావచ్చును, పండు మాత్రము కాదు. ఈ చిన్న పొరపాటు పై తరగతులవరకు వెన్నంటి వచ్చును.

మూడవది, ప్రతి అభ్యాసమునకు ముందు పూర్తిగా చేసి చూపిన లెక్కలు రెండు మూడైన నుండవలయును. నాలుగవది, క్రొత్తపాఠముల నడుమ పాతపాఠముల లెక్కలు కలిసి రావలయును. ఒకే తీరు లెక్కలు ముప్పది వరుసగా చేయు బిడ్డ చేతితో చేయునుగాని తలతో చేయడు. అయిదవది, చివర జవాబు లుండవలయును. అవి బిడ్డను శిక్షించుటకు గాక, తనను తాను సరిచూచుకొనుటకు.

డబ్బు పెట్టి కొననక్కరలేని పుస్తకములును గలవు. జాతీయ విద్యాపరిశోధన శిక్షణమండలి, అనగా ఎన్.సి.ఇ.ఆర్.టి., 2024లో ఆరవతరగతికిని, 2025లో ఏడవతరగతికిని 'గణితప్రకాశ్' అను క్రొత్తపుస్తకముల నిచ్చినది. అంతర్జాలమునుండి ఉచితముగా దింపుకొనవచ్చును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020-21 విద్యాసంవత్సరమునుండి ఒక పుట తెలుగున, ఎదుటిపుట ఇంగ్లీషున ఉండు ద్విభాషా పాఠ్యపుస్తకములను వెలువరించినది. బడిలో ఇంగ్లీషున చదువు బిడ్డకును, తెలుగున చదివిన తండ్రికిని ఒకే పుస్తకము ముందు కూర్చుండు అవకాశ మిది. అవి పాఠ్యపుస్తకములు గనుక ప్రక్కన సన్నని అభ్యాసపుస్తక మొకటి చాలును.

3. వాడుకొను విధము

దినమున కరగంట చాలును. వారమున కయిదు దినములు. ఎనిమిది లెక్కలు కారణముతో చేయుట, నలువది లెక్కలు వేగముతో చేయుటకంటె మేలు. ఒక్కొక్క లెక్కకు ముందు బిడ్డ నోట "ఏమి తెలియును, ఏమి తెలియదు" అను రెండుమాటలు చెప్పింపుడు.

తప్పు వచ్చినపుడు రబ్బరుతో చెరిపింపవలదు. ఆ తప్పులోనే బిడ్డ ఆలోచన దాగియున్నది. ఉదాహరణమునకు, 3య + 2 = 14 అను సమీకరణమును చూచి బిడ్డ 5య = 14 అని వ్రాసె ననుకొందము. "తప్పు" అనక, "య నాలుగైనచో 3య + 2 ఎంత?" అని యడుగుడు. పదునాలుగు. "5య ఎంత?" ఇరువది. "రెండును ఒకటేనా?" ఇక మీరు చెప్పవలసిన దేమియు లేదు. పిమ్మట త్రాసును తలపింపుడు: రెండు తట్టలనుండియు రెండేసి తీసిన 3య = 12; మూడు సమభాగములు చేసిన య = 4. వచ్చిన జవాబును తిరిగి మొదటి సమీకరణములో పెట్టి చూచుకొను అలవాటు చేసినచో, బిడ్డకు గురువు లేని వేళ గురువు దొరకినట్లే. "అవతలికి పోయిన గుర్తు మారును" అను అడ్డదారిని, అసలు దారి నడచినపిమ్మటనే చూపుడు.

తప్పుల కొక చిన్న నోటుపుస్తక ముంచి, వారము దినముల తరువాత ఆ లెక్కలనే మరల చేయింపుడు. రెండవసారి సరిగా చేసినదే నేర్చినట్లు.

4. ఏ భాషలో చెప్పవలయును?

"వాడు బడిలో ఇంగ్లీషున చదువుచున్నాడు, నాకు వచ్చినది తెలుగు లెక్క. నేనేమి చెప్పగలను?" అని వెనుదీయువారు మనలో పెక్కురు. వారికే ఈ వ్యాసము ముఖ్యముగా వ్రాయుచున్నాను.

కిరాణాదుకాణము నడుపు ఒక తల్లి ఇట్లే అని, తన కుమార్తెకు ఋణసంఖ్యలు పట్టుబడుట లేదని వాపోయెను. "మీ పద్దుపుస్తకమును చూపుడు" అంటిని. ఆ రాత్రి ఆమె బిడ్డకు చెప్పిన దిది: "చేతిలో మూడు రూపాయలున్నవి, ఎనిమిది ఇయ్యవలయును, ఇచ్చినపిమ్మట మనము అయిదు రూపాయల అప్పులో నుందుము. దినమునకు అయిదేసి అప్పు మూడు దినములు చేసిన పదునైదు అప్పు. ఆ మూడు దినముల అప్పును వారు కొట్టివేసిన మనకు పదునైదు కలిసివచ్చినట్లు." ఋణమును ఋణముతో హెచ్చించిన ధన మెట్లగునో ఆ బిడ్డకు పద్దుపుస్తకమే చెప్పెను. ఇందు వింత లేదు. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున ఈ సంఖ్యలకు పెట్టిన పేర్లే ధనము, ఋణము. భాస్కరాచార్యుడు పండ్రెండవ శతాబ్దిలో తన బీజగణితమున తెలియని రాశిని 'యావత్తావత్తు' అని, క్లుప్తముగా 'యా' అని వ్రాసెను. కన్నడదేశమున అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్క చెప్పుట తెలుగునకు క్రొత్తవిద్య కాదు.

ఐతే కర్ణాటకమున నుండు మనము పదముల విషయమున ఒక జాగ్రత్త వహింపవలయును. బీజగణితము, సమీకరణము అనునవి తెలుగు కన్నడములకు సమానములే. భిన్నములో తెలుగున లవము, హారము అనువానిని కన్నడమున అంశ, ఛేద అందురు. ఇంతకంటె చిక్కైనది మరియొకటి: మనము నిష్పత్తి యనుదానిని కన్నడమున అనుపాత అందురు, మన అనుపాతమును వారు సమానుపాత అందురు. ఒకే మాటకు బడిలో ఒక యర్థము, ఇంటిలో మరియొక యర్థమైనచో బిడ్డ తికమకపడును. కావున నోటుపుస్తకపు చివరిపుటలో మూడు గీతలు గీసి తెలుగు, కన్నడ, ఇంగ్లీషు పదములను ఎదురెదురుగా బిడ్డచేతనే వ్రాయింపుడు. పరీక్షలో బడిపదము వ్రాయవలయును. ఆలోచించుట మాత్రము ఏ భాషలో సులభమో ఆ భాషలోనే సాగనిండు.

కథలు, పాటలు, పండుగలు మాత్రమే ఇంటిభాషకు మిగిలి, ఆలోచింపవలసిన విషయములన్నియు పరభాషకు పోయినచో, కొంతకాలమునకు బిడ్డకు తెలుగు అమ్మమ్మతో మాటలాడుటకు మాత్రమే పనికివచ్చు భాషగా తోచును. అది మనమెవరమును కోరునది కాదు. సాయంకాలము అరగంట లెక్క చెప్పుకొనుటవలన సమీకరణమును సాధింపవచ్చును, భాషయు నిలుచును.

కావున ఏ పుస్తకము కొనవలయునని నన్నడుగుటకు ముందు, ఆ నాలుగు ప్రశ్నలకు మీ బిడ్డ చెప్పిన జవాబులను వ్రాసికొని రండు. అవి చూచినపిమ్మట పుస్తకము నెంచుట మనకు కష్టము కాదు.