గూడ్సు బండి తోక ఎంత పొడవు?

ఓరుగల్లు సీమలో ఘనపూర్‌లు ఒకటికంటే ఎక్కువే ఉన్నాయి. కాకతీయుల నాటి కోటగుళ్ళున్న ఘనపూర్ భూపాలపల్లి వైపు ఉంది. కాజీపేట నుంచి జనగామ మీదుగా సికింద్రాబాదు పోయే రైలుదారిలో ఉన్నదాన్ని స్టేషన్ ఘనపూర్ అంటారు. మనకు ఈవేళ ఈ రెండోదానితోనే పని.

మీరు ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారనుకోండి. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోంది. దానికి దారి ఇవ్వడానికి ఒక గూడ్సు బండిని పక్కనున్న లూప్ లైనులోకి మళ్ళించాలి. లూపు కొసల్లో, పట్టాలు కలిసే చోటికి కాస్త ఇవతల, నేలమీద ఒక గుర్తు ఉంటుంది. రైల్వేవాళ్ళు దాన్ని ఫౌలింగ్ మార్క్ అంటారు. బండి తోక ఆ గుర్తు దాటి ఒక్క పెట్టె మిగిలినా, మెయిన్ లైనులో వచ్చే బండి దాన్ని కొట్టుకుంటుంది. లూపులో బండి నిలవడానికి మన రైల్వేలు ప్రమాణంగా పెట్టుకున్న చోటు 686 మీటర్లు. బొగ్గు మోసే వాగను ఒక్కొక్కటి 10.7 మీటర్లు ఉంటుంది. 58 వాగన్లయితే 621 మీటర్లు. ఇంజనూ గార్డు పెట్టే కలిపినా సరిపోతుంది. 70 అయితే? ఒక్క వాగన్లే 750 మీటర్లు! అందుకే బండి రాకముందే దాని పొడవు తెలిసి ఉండాలి.

కంప్యూటరు లోపల కూడా సరిగ్గా ఇలాంటి చిక్కే ఉంది.

కంప్యూటరులో అన్ని పనులకూ పెద్దదిక్కు కెర్నెల్ అనే ప్రోగ్రాం. తెరకూ, కెమేరాకూ, వై-ఫై చిప్పుకూ తలా ఒక చిన్న ప్రోగ్రాం కెర్నెల్‌లో భాగంగా పనిచేస్తుంది. దాని పేరు డ్రైవరు. (ఇంజను నడిపే డ్రైవరు కాదు సుమా!) లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లైనక్స్ కెర్నెల్‌లో ఈ డ్రైవర్లు చాలావరకు సి భాషలో ఉంటాయి. బెల్ లాబ్స్‌లో డెనిస్ రిచీ 1970ల తొలి ఏళ్ళలో తయారుచేసిన భాష అది. వేగం దాని గుణం. కాపలా కాయకపోవడం దాని దోషం. పది పెట్టెల వరసలో పదకొండోది అడిగినా అది కాదనదు, ఆ తర్వాత జ్ఞాపకంలో ఏముంటే అదే చేతికిస్తుంది.

వై-ఫై చిప్పు చుట్టుపక్కల దొరికే నెట్‌వర్కుల జాబితా ఇస్తుంది. పల్లెలో మూడు దొరకవచ్చు, నగరంలో ముప్ఫై. ఎన్నో ముందుగా తెలియదు గనుక డ్రైవరు రాసేవాడు గూడ్సు బండి పద్ధతి పాటిస్తాడు. ముందు ఇంజను, అందులో వాగన్ల లెక్క. దాని వెనక ఎంతైనా సాగే తోక. దీన్నే ఫ్లెక్సిబుల్ అర్రే అంటారు. 1999 నాటి సి ప్రమాణం దీన్ని ఒప్పుకుంది: చివరి వరస పేరు పక్కన చదరపు బ్రాకెట్లు పెట్టి ఖాళీగా వదిలేస్తే చాలు. అంతకుముందు అందులో 1 అని రాసేవాళ్ళూ ఉండేవారు. పొడవు అడిగితే లేని వాగను ఒకటి లెక్కలో చేరేది.

అసలు ప్రమాదం చోటు అడిగేటప్పుడు. బండి పొడవెంత అని సి భాషను అడిగితే ఇంజను పొడవే చెబుతుంది, తోక సంగతి దానికి పట్టదు. కనుక వాగను పొడవును లెక్కతో గుణించి ఇంజను పొడవుకు కలపాలి. ఇంతేకదా అంటారా? ఆగండి. ఇంజను 8 బైట్లు, వాగను 16 బైట్లు అనుకుందాం. 32 బిట్ల గడి 4,29,49,67,295 దాకా లెక్కపెట్టి, స్కూటరు మీటరులాగా మళ్ళీ సున్నాకు వస్తుంది. ఎవడో తుంటరి వాగన్ల లెక్క 26,84,35,456 అని పంపాడు. 16తో గుణించండి: 4,29,49,67,296. మీటరు తిరిగిపోయింది, సున్నా! ఇంజనుతో కలిపి 8 బైట్లు. కెర్నెల్ సంతోషంగా 8 బైట్లు ఇస్తుంది. డ్రైవరు అందులోకి కోట్ల వాగన్లు తోయడం మొదలుపెడుతుంది. పక్క లైనులో ఏముంటే అది నాశనం.

2018లో లైనక్స్‌లోకి వచ్చిన స్ట్రక్ట్ సైజ్ అనే ఉపాయం ఈ లెక్క తానే చేస్తుంది. మీటరు తిరగబోతే చివరి అంకె దగ్గరే బిగుసుకుంటుంది. అంత చోటు ఎక్కడా ఉండదు గనుక కెర్నెల్ లేదంటుంది. డ్రైవరు ఆ జవాబు విని ఊరుకోవాలి.

2023లో కౌంటెడ్ బై అనే గుర్తు కూడా వచ్చింది. ఈ తోకకు లెక్క ఫలానా గడిలో ఉందని అది కంపైలరుకు చెబుతుంది. కొత్త కంపైలర్లు, తనిఖీ పెట్టుకుంటే, ప్రతి వాగను ముట్టేముందు ఆ గడి చూస్తాయి. ఒక్క షరతు: లెక్క ముందు రాయాలి, సరుకు తర్వాత నింపాలి. తిరగేస్తే గడిలో సున్నా ఉంటుంది, మొదటి వాగనే హద్దు దాటినట్టవుతుంది. లైనక్స్ వై-ఫై భాగంలోనే ఈ క్రమం తప్పి, సరిదిద్దుకోవలసి వచ్చింది.

చిప్పు చెప్పిన లెక్కనూ గుడ్డిగా నమ్మరాదు. ముప్ఫై అని చెప్పి పన్నెండింటికి సరిపడా బైట్లే పంపితే, పన్నెండు దగ్గరే ఆగాలి.

ఇంత చాదస్తం దేనికంటారా? మామూలు ప్రోగ్రాం హద్దు దాటితే అది ఒక్కటే చస్తుంది. కెర్నెల్‌లో దాటితే యంత్రమంతా పడిపోతుంది. 2024 జూలై 19న శంషాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. కారణం విండోస్ యంత్రాల్లో నడిచే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థవారి డ్రైవరు. అందిన విలువలు 20 అయితే అది 21వది చదవబోయింది. ప్రపంచంలో సుమారు 85 లక్షల యంత్రాలు కూలాయి. అది సాగే తోక కాకపోవచ్చు, జబ్బు మాత్రం ఇదే: లెక్క ఒకటి, సరుకు మరొకటి. తర్వాత ఆ సంస్థ హద్దు తనిఖీ చేర్చింది.

ఇక మీకో లెక్క. 16 బిట్ల గడి 65,535 తర్వాత సున్నాకు వస్తుంది. ఇంజను 8 బైట్లు, వాగను 12 బైట్లు. వాగన్లు 5,460 అయితే గడిలో ఎంత కనబడుతుంది? ఇంకొక్క వాగను తగిలిస్తే ఎంత? రెండో జవాబు 4 వస్తే మీ లెక్క సరైనదే.