కొండ బస్సు, కింది ఊరు

చిరంజీవి అమ్మణ్ణికి, చిత్తూరు నుంచి తాత ఆశీస్సులు.

నువ్వు కరెంటు స్కూటరు అడుగుతున్నావని మీ నాన్న చెప్పినాడు. పొగ రాదు కదా అన్నావంట. కరెంటు బస్సులు కూడా వచ్చేసినాయి కాబట్టి తిరుపతి గాలికి ఇంక దిగులు లేదని కూడా అన్నావంట. స్కూటరు సంగతి తర్వాత. ఆ రెండో మాట దగ్గరే నాకు పేచీ.

తిరుమల కొండెక్కే దారిలో అలిపిరి దాటినాక డీజిల్ బస్సు పడే కష్టం నువ్వు చూసి ఉండవు. నిండు లోడుతో సెకండ్ గేర్లో మలుపు తిరుగుతుంటే ఇంజను రొప్పేది, సైలెన్సరు నల్లగా కక్కేది. వెనక బస్సు డ్రైవరు ఆ పొగంతా మింగాల్సిందే. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు లాగినామనేదాన్ని మా ఆర్టీసీలో కేఎంపీఎల్ అంటాము. ఆ లెక్కలో ఘాట్ డ్రైవరు మైదానం డ్రైవరుతో ఎప్పటికీ గెలవలేడు. దిగేటప్పుడు బ్రేకు లైనింగులు కాలిన వాసన. అవి అరిగి రాలే పొడి కూడా గాలిలోకే పోతుంది. ఆ మాట ఎవరూ ఎత్తరు.

అందుకే 2022 సెప్టెంబరులో ఆర్టీసీ కరెంటు బస్సులు కొండెక్కినప్పుడు నిజంగా సంతోషపడినా. వచ్చిన 100 బస్సుల్లో సగం తిరుమల ఘాట్‌కే. మిగతావి రేణిగుంట విమానాశ్రయం, మదనపల్లె, కడప, నెల్లూరు దారులకు. దిగేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి తిరిగిస్తుంది, బ్రేకు మీద భారం తగ్గుతుంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచినప్పటి నుంచి ఆ కొండకు ఇంత సరిపోయే బండి రాలేదని నా లెక్క. ఆ బస్సులకు ఎక్కించే కరెంటులో చాలా భాగం ఇంకా బొగ్గుదే, నిజమే. మన పొగలో కొంత ముద్దనూరు థర్మల్ కేంద్రానికో కృష్ణపట్నం థర్మల్ కేంద్రానికో పోయింది. అక్కడి వాళ్లకు మనం బాకీ పడినట్టే.

సరే, కొండకు మంచి జరిగింది. మరి కొండ కింద? యాత్రికుడు పొగ లేని బస్సులో స్వామి దగ్గరికి పోతాడు. తిరుపతిలోని కొర్లగుంటలో, బైరాగిపట్టెడలో ఉండే మనిషి పనికి పోవాలంటే షేర్ ఆటోలో ఇరుక్కోవాలి, లేకపోతే బండి కొనుక్కోవాలి. 2023లో ఊళ్లో శ్రీనివాస సేతు అనే పై వంతెన తెరిచినారు. బాగానే కట్టినారు, నేనూ పోయి చూసినా. కానీ వంతెన కడితే బండ్లు పెరిగిన ఊరే గానీ తగ్గిన ఊరు నేను చూడలేదు.

నువ్వు మన చిత్తూరును ఎగతాళి చేసే ముందు నేనే ఒకటి చెప్తా. కేంద్రం 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. గాలి ప్రమాణాలు అందుకోలేని పట్టణాలని మన రాష్ట్రంలో 13 ఊళ్ల పేర్లు అందులోకి ఎక్కినాయి. చిత్తూరు ఉంది. తిరుపతి లేదు! అంత పెద్ద ఊరు బయట, మా చిన్న ఊరు లోపల. ఆ జాబితాలో ముఖ్యంగా చూసేది పీఎం 10, అంటే సన్న దుమ్ము. ఏడాది సగటున ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం గీత గీసుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన గీతను 15కు దించింది. చెన్నై నుంచి బెంగుళూరుకు పోయే లారీలు, రోడ్డు పక్క పేరుకున్న మట్టి, ఇంటికి రెండు బండ్లు. మా చిత్తూరుకు దుమ్ము ఇంకెక్కణ్ణుంచో రావాలా?

చక్రం తిరిగితే మట్టి లేస్తుంది, టైరు అరుగుతుంది. అది డీజిల్ చక్రమా, కరెంటు చక్రమా అని మట్టి చూడదు. ఢిల్లీలో 1998లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే 2002 చివరికల్లా సిటీ బస్సులన్నీ గ్యాసుకు మారినాయి. కొన్నాళ్లు గాలి తేరుకుంది. తర్వాత సొంత బండ్లు పెరిగి ఆ లాభాన్ని తినేసినాయి. ఇంజను మారిస్తే సగం పనే. బండ్ల లెక్క తగ్గాలి. పది నిమిషాలకొక బస్సు గ్యారంటీగా వస్తుందని తెలిస్తే తప్ప జనం బండి తాళం ఇంట్లో పెట్టి రారు.

నీకైతే టికెట్టు డబ్బులు కూడా అక్కర్లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. బస్సులు కిక్కిరిసినాయని గొణిగేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం ఆ రద్దీ మంచిదే అనిపిస్తుంది. జనం ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారు, సర్వీసులే చాలడం లేదని దాని అర్థం.

స్కూటరుకు డబ్బు అడ్డం కాదు, కావాలంటే పంపిస్తా. దానికి ముందు ఒక పని చెయ్. తిరుపతిలో మీ మహిళా యూనివర్సిటీ హాస్టలు పిల్లలంతా కలిసి డిపో మేనేజరుకు అర్జీ పెట్టండి. ఊరికే బస్సు కావాలని రాస్తే అది ఫైల్లో పడుకుంటుంది. ఏ స్టేజీలో, ఏ టైముకు, ఎంతమంది ఎక్కుతారో వారం రోజులు రాసిపెట్టి ఆ అంకెలు జత చెయ్యండి. షెడ్యూలు వేసేవాడు చూసేది వాటినే. రాసినాక ముందు నాకు పంపు, దిద్ది ఇస్తా.

మీ అవ్వ నిన్ను అడిగినానని రాయమంటోంది.

ఇట్లు,
మీ తాత