మనవడిని దుబాసీని చెయ్యొద్దు

కూతురి పురుడికో, పిల్లల్ని చూసుకోవడానికో అమెరికా వెళ్లిన అమ్మానాన్నలకు అక్కడ జబ్బు చేస్తే, ఆసుపత్రిలో వాళ్ల తరఫున ఇంకెవరో మాట్లాడతారు. అల్లుడికి సెలవు దొరక్కపోతే, బడి నుంచి వచ్చిన పన్నెండేళ్ల మనవడే డాక్టరుకూ అమ్మమ్మకూ నడుమ నిలబడతాడు. డాక్టరు అడిగేది రక్తస్రావం గురించి. మనవడి ముందు ఏ అమ్మమ్మ నోరు విప్పుతుంది? "ఏం లేదు నాన్నా, కాస్త నీరసం" అంటుంది. ఫైల్లో ఆ నీరసమే ఎక్కుతుంది.

పెద్దవాళ్లు పక్కనున్నా చిక్కు తీరదు. క్యాన్సర్ అని తెలిస్తే నాన్న తట్టుకోలేడని కొడుకు సగం మాట మింగేస్తాడు. ప్రేమతోనే చేస్తాడు, కాదనను. కానీ ఆపరేషన్‌కి సంతకం పెట్టేది నాన్న. దేనికి ఒప్పుకుంటున్నాడో తెలుసుకునే హక్కు ఆయనది.

అమెరికా చట్టం ఈ హక్కును గుర్తించింది. 1964 నాటి పౌరహక్కుల చట్టం ఆరో టైటిల్ ప్రకారం, ఫెడరల్ ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ సంస్థా జాతి, రంగు, పుట్టుక మూలం కారణంగా వివక్ష చూపకూడదు. ఇంగ్లీషు రాని చైనా సంతతి పిల్లల్ని ఏ సాయమూ లేకుండా శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో కూర్చోబెట్టడం ఈ చట్టానికి విరుద్ధమని 1974లో సుప్రీంకోర్టు తేల్చింది. 2010 ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ ఇదే రక్షణను ఆసుపత్రులకు మరింత గట్టిగా వర్తింపజేసింది.

దాని ప్రకారం మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకాల సొమ్ము తీసుకునే ఆసుపత్రి మీకు అర్హతగల ఇంటర్‌ప్రిటర్‌ను ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి. ఫోన్లోనైనా, వీడియోలోనైనా సరే. "మీ మనిషిని మీరే తెచ్చుకోండి" అనకూడదు. మైనర్ పిల్లల చేత మాట్లాడించడం ప్రాణాపాయంలో, అదీ అసలు ఇంటర్‌ప్రిటర్ దొరికేలోపు మాత్రమే చెల్లుతుంది. కొడుకో కూతురో చెబితే చాలని మీకే అనిపిస్తే, వాళ్లు గదిలో లేనప్పుడు, ఇంటర్‌ప్రిటర్ సమక్షంలో ఆ మాట మీరే చెప్పాలి. ఈ చివరి నిబంధన 2024లో వచ్చింది. మన ఇళ్ల సంగతి తెలిసి రాసినట్టే ఉంటుంది నాకు. విజిటర్ వీసా మీద వెళ్లినవారికీ ఈ హక్కు ఉంటుంది.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. మన భాషకు మనిషిని వెతకడానికి వాళ్లకూ సమయం కావాలి. "ఇండియన్" అని ఊరుకుంటే హిందీ వాళ్లను కలుపుతారు. శ్రీకాకుళం నుంచి వెళ్లిన పెద్దాయనకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. "ఐ స్పీక్ తెలుగు. ఐ నీడ్ యాన్ ఇంటర్‌ప్రిటర్" అనే రెండు ముక్కలు అమ్మానాన్నలకు నేర్పించండి, కాగితం మీద రాసి పర్సులో పెట్టండి.

2025 మార్చి 1న ట్రంప్ ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించారు, 2000లో క్లింటన్ ఇచ్చిన భాషా సేవల ఉత్తర్వును రద్దు చేశారు. దాంతో ఈ హక్కులన్నీ పోయాయనుకోవద్దు. ఫెడరల్ కార్యాలయాలు సేవలు తగ్గించుకునే వీలు కలిగింది గానీ, కాంగ్రెస్ చేసిన చట్టం అధ్యక్షుడి సంతకంతో పోదు.

బడిలోనూ అడగవచ్చు. ప్రత్యేక అవసరాలున్న బిడ్డ చదువు గురించి జరిగే ఐఈపీ సమావేశంలో తల్లిదండ్రులకు ఇంటర్‌ప్రిటర్‌ను బడే ఏర్పాటు చెయ్యాలి. అమెరికా పౌరసత్వ పరీక్ష పద్ధతి వేరు. యాభై దాటి, గ్రీన్‌కార్డుతో ఇరవై ఏళ్లు ఉన్నవారికి, లేదా యాభై అయిదు దాటి పదిహేనేళ్లు ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష మినహాయింపు ఉంది. చరిత్ర, పాలన ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పవచ్చు. ఇంటర్‌ప్రిటర్‌ను మాత్రం మీరే తీసుకెళ్లాలి.

ఆసుపత్రి కాదంటే ముందు అక్కడ రోగుల తరఫున మాట్లాడే ఉద్యోగిని, అంటే పేషెంట్ అడ్వకేట్‌ను, కలవండి. ఎవరు, ఏ రోజు, ఏమన్నారో అప్పటికప్పుడే రాసుకోండి. అయినా పని జరక్కపోతే ఫెడరల్ ఆరోగ్య శాఖలోని పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోగా ఫిర్యాదు పంపాలి. దానికి లాయరు అక్కర్లేదు, ఫీజూ లేదు.